ఎవరికీ లేదు

డాక్టరు పదకొండింటికి వస్తాడట. గోడ మీది గడియారం పదీ ఐదు చూపిస్తోంది. ఆయన నెల్లూరు నుంచి కారులో ఆత్మకూరు రావాలి, శనివారం శనివారం వస్తాడు, ఒక్కోసారి అరగంట అటూ ఇటూ అవుతుందని చీటీలు రాసే అమ్మాయి ముందే చెప్పింది. అంటే ఇంకా గంట. ఈ గంటలో నేను చేయాల్సింది ఒక్కటే, ఒక మాటను నోట్లో సిద్ధంగా పెట్టుకోవాలి. పెద్ద మాటేం కాదు. మూడు నెలల కింద ఇదే గదిలో ఇదే డాక్టరు, మీ ఇంట్లో ఎవరికైనా టీబీ ఉండిందా పెద్దాయనా అని అడిగితే, మా ఇంట్లో ఎవరికీ లేదు సార్ అన్నాను. అది అబద్ధం. ఈ రోజు తలుపు తీసుకొని లోపలికి పోగానే, ఆయన స్కాను చూడకముందే, ఉండింది సార్, మా నాయనకు ఉండింది అని చెప్పాలి. నోట్లో అనుకుంటే ఎంత సులువుగా ఉందో. నాలుక కూడా కదలడం లేదు. కానీ పక్కన మాలకొండమ్మ కూర్చొని ఉంది. పెళ్లయి ముప్పయ్యారేళ్లు, ఆమెకూ తెలియదు. ఆమె ఒళ్లో చేతిసంచి, నా ఒళ్లో స్కాను కవరు. కవరు చల్లగా ఉంది, ఏసీ గదిలోంచి తెచ్చి ఇచ్చారు కాబోలు. దాని మీద నా పేరు ఇంగ్లీషులో రాసి ఉంది, పెంచలప్రసాద్, యాభై తొమ్మిది, మగ. ఆ మూడు ముక్కలూ చదవగలను. లోపలిది చదవలేను. లోపల ఉన్నది ఒక గింజ సంగతి.

గింజ అని నేను అనుకుంటున్నాను. డాక్టరు నాడ్యూల్ అన్నాడు. మాలకొండమ్మ దాన్ని నాడి అనుకొని, ఊరికి పోయాక ఈయనకు ఎడమ పక్క నాడి ఏదో ఉబ్బిందంట అని అందరికీ చెప్పింది. పోయినేడు మద్రాసులో నా కుడి ఊపిరితిత్తి పైభాగం కోసి తీసేశారు. అంతా వచ్చేసింది, అంచులు శుభ్రంగా ఉన్నాయి అన్నారు. అప్పటి నుంచి నెలలు లెక్కపెట్టి స్కాను తీయించుకుంటూ వస్తున్నాం. మొదటిదానిలో ఏమీ లేదు. రెండోదానిలో ఎడమ పక్క, కింద, ఇది కనిపించింది. ఆరు మిల్లీమీటర్లు. డాక్టరు మంచివాడు, కాగితం మీద రెండు ఊపిరితిత్తులు గీసి, ఒకదానిలో చుక్క పెట్టి చూపించాడు. ఇది రెండు రకాలుగా ఉండొచ్చు అన్నాడు. ఎప్పుడో చిన్నప్పుడు టీబీ తగిలి, తెలియకుండానే మానిపోయి, గాయం గట్టిపడి మిగిలిన మచ్చ కావచ్చు, మన వైపు అలాంటివాళ్లు చాలామంది ఉంటారు, దానివల్ల ఏ ప్రమాదమూ లేదు. లేదా కోసి తీసేసిన జబ్బు మళ్లీ మొలకెత్తడం కావచ్చు. మరి ముందటి స్కానులో లేదు గదా సార్ అంటే, అది మందంగా ముక్కలు తీసే మిషను, ఇంత చిన్నవి రెండు ముక్కల మధ్య దాక్కుంటాయి, అప్పుడూ ఉందేమో చెప్పలేం అన్నాడు. సూది పెట్టి చూడడానికి ఇది మరీ చిన్నది, అందదు. మూడు నెలలు ఆగి మళ్లీ తీద్దాం. అలాగే ఉంటే మచ్చ. పెరిగితే అని, అక్కడ ఆగి, పెన్ను మూత తీసి, మీ ఇంట్లో ఎవరికైనా అని అడిగాడు. ఎవరికీ లేదు సార్. నా నోరు నన్ను అడగలేదు. కాలి మీద చీమను దులిపినట్టు ఆ మాట వచ్చేసింది. ఆయన కాగితం మీద ఏదో రాసుకున్నాడు. ఆరు మిల్లీమీటర్లంటే ఎంత అని ఇంటికి పోయి స్కేలు పెట్టి చూశాను. కందిగింజంత.

ఆ మాట నాది కూడా కాదు. మా అవ్వది. నాకు తొమ్మిదేళ్లు, తమ్ముడు కేశవకు ఆరు. అవ్వ మమ్మల్ని వంటింట్లో ఎదురుగా నిలబెట్టి అడిగేది, మీ నాయనకు ఏం జబ్బురా. ఉబ్బసం. గట్టిగా చెప్పు. ఉబ్బసం. బడిలో అయ్యవారు ఎక్కాలు చెప్పించినట్టే, రోజూ ఒకసారి. మా మేనత్తకు అప్పుడు సంబంధాలు చూస్తున్నారు. ఆ జబ్బు ఉన్న ఇంటి పిల్లను ఎవరూ చేసుకోరు. ఇంట్లో కూడా దాని పేరు అనేవాళ్లు కాదు, ఆ జబ్బు అనేవాళ్లు. ఉదయగిరి నుంచి కాంపౌండరు యేసురత్నం సైకిలు మీద వచ్చి నాయనకు సూది వేసి పోయేవాడు. ఇంటి ముందు నుంచి రాకుండా దొడ్డిదారిన కొట్టంలోకి పోయేవాడు. ఎవరైనా అడిగితే గొడ్లకు సూది వేయడానికి వచ్చాడని చెప్పాలి. ఊళ్లో ఒకాయన నమ్మి, మా ఎద్దుకు కూడా గాలికుంటు వచ్చింది, ఒక సూది వేసిపోవయ్యా అని యేసురత్నాన్ని పట్టుకుంటే, ఆయన మొహమాటపడి ఏదో నీళ్ల సూది వేసి వచ్చాడు. ఆ ఎద్దు బాగుపడింది. నాయన కొట్టంలో పడుకొని ఆ సంగతి విని నవ్వాడు. నవ్వితే దగ్గు వచ్చింది. దగ్గు వస్తే అమ్మ బూడిద పోసిన కొబ్బరి చిప్ప పట్టుకొని పరిగెత్తింది. ఆ చిప్పలో బూడిద తెల్లగా ఉండేది, మధ్యలో ఎర్రగా తడి. అమ్మ దాని మీద ఇంకొంచెం బూడిద చల్లేది. మేనత్త పెళ్లి జరిగింది. ఆమె ఇప్పుడు కూడా ఉంది, మనవళ్లు, మునిమనవళ్లు. ఆమెతో కూడా ఆ మాట ఎవరూ అనలేదు.

ఎదురు బల్ల మీద కోటేశ్వర్ కూర్చున్నాడు. ఆత్మకూరులోనే కిరాణా అంగడి, టోకున నూనె అమ్ముతాడు, నాలాగే నెలకూ రెండు నెలలకూ ఇక్కడ కనిపిస్తాడు, ఆయనకు ఆయాసం. మాట్లాడకుండా కూర్చోలేడు, ఆయాసపడుతూనే మాట్లాడతాడు. నన్ను చూసి, ఏం పెద్దాయనా, ఇంకా పొగాకు వేస్తా ఉండావా అన్నాడు. నేను తల ఊపాను. అప్పుడు మాలకొండమ్మ వైపు తిరిగి, “చూడమ్మా, ఈయన పండించిన పొగాకు కాల్చినోళ్లంతా గుండ్రాయి మాదిరి ఉండారు. ఒక్క చుట్టన్నా కాల్చని ఈయనకొచ్చె. ఏం న్యాయం ఇది?” అన్నాడు. మాలకొండమ్మ వెంటనే, “నీ అంగట్లో నూనె తిన్నోళ్లు ఎట్లుండారు నాయనా? నువ్వు మాత్రం ఈడ కూర్చోనుండావే” అంది. ఆయన నవ్వబోయి దగ్గులో పడ్డాడు. పక్కన అనుమసముద్రంపేట దర్గాకు పోయే ముసలామె ఒకామె కూడా నవ్వింది. నేను నవ్వానో లేదో గుర్తు లేదు, ఆయన దగ్గు విన్నాను. పొడి దగ్గు. గొంతులో నుంచి వచ్చేది, లోపలి నుంచి కాదు. మా నాయన దగ్గు అలా ఉండేది కాదు. ఎక్కడో బావిలో బిందె గోడకు తగిలినట్టు లోతుగా, మెల్లగా, ఒకటి తర్వాత ఒకటి లెక్కగా. నాకు దగ్గు లేదు. ఇప్పుడైతే దగ్గు వస్తే బాగుండునని చూస్తున్నాను. ఉదయం బస్సులో, దుత్తలూరు దాటాక, దుమ్ముకు రెండుసార్లు దగ్గాను, ఎంత ఆశగా దగ్గానంటే మాలకొండమ్మ మంచినీళ్ల సీసా తీసింది. టీబీ వాళ్లకు దగ్గు ఉంటుంది. సాయంత్రం జ్వరం ఉంటుంది. నాకు ఏమీ లేదు, బాగా తింటున్నాను, నడుస్తున్నాను, పొలానికి పోయి వస్తున్నాను. ఈ బాగుండడమే నాకు భయం.

మచ్చల సంగతి నాకు తెలియనిది కాదు. ముప్పయి ఏళ్లు పొగాకు ఆకు మీద మచ్చలే చూశాను. ఆకు పండేటప్పుడు కొన్ని మచ్చలు వస్తాయి, గోధుమ రంగువి, అవి వయసు మచ్చలు, ఏమీ చేయవు. కప్పకన్ను తెగులు మచ్చ కూడా మొదట్లో సరిగ్గా అలాగే ఉంటుంది. మధ్యలో తెల్లగా, చుట్టూ ముదురుగా, కప్ప చూస్తున్నట్టు ఉండేది తర్వాత. చిన్నగా ఉన్నప్పుడు ఎంత అనుభవం ఉన్నవాడికైనా తేడా తెలియదు. వ్యవసాయాఫీసు నుంచి వచ్చినతను కూడా చెప్పలేకపోయాడు. నేనేం చేసేవాణ్నంటే, బొటనవేలి గోటితో మచ్చ చుట్టూ ఆకు మీద సన్నగా గీత గీసి వదిలేసేవాణ్ని. నాలుగు రోజులాగి పోయి చూస్తే, మచ్చ గీత లోపలే ఉంటే సరే. గీత దాటితే ఆ ఆకు తుంచి చేను బయట పారేయాలి, ఆ మొక్కనూ పీకాలి, చుట్టూ ఉన్నవాటిని కూడా. డాక్టరు చేసింది కూడా అదే, మూడు నెలల కింద గీత గీసి వదిలాడు. తేడా ఒక్కటే. ఆ నాలుగు రోజులు నేను ఇంటికి పోయి అన్నం తిని పడుకునేవాణ్ని. ఆకు ఎలా గడిపిందో నాకు తెలియదు.

నాయన కంచం అల్యూమినియందు, అంచు మీద మేకుతో గుర్తు కొట్టి ఉండేది, ఎవరూ ముట్టకూడదు. కొట్టంలో ఒక మూల నులక మంచం, రెండో మూల ఎద్దులు. మధ్యాహ్నం అవ్వ కునుకు తీసేటప్పుడు నేను దొడ్డిదారిన పోయేవాణ్ని. రావద్దురా అనేవాడు, కానీ జరిగి చోటిచ్చేవాడు. కంచంలో ఎప్పుడూ అన్నం మిగిలి ఉండేది, ఆయనకు సయించేది కాదు. శనిక్కాయల పచ్చడి కలిపిన ముద్ద ఒకటి నాకు పెట్టేవాడు, తన చేత్తోనే. ఆ చేతి వేళ్లు వేడిగా ఉండేవి. ఆ వేడి ఇప్పుడు కూడా నా పెదవులకు తెలుస్తోంది, జ్వరం వేడి అని అప్పుడు తెలియదు, నాయన చేయి అంటే అలాగే వేడిగా ఉంటుందనుకున్నాను. ఆయన ఎంగిలి తిన్నాను సార్. ఆయన పక్కన పడుకున్నాను, ఆయన ఊపిరి నా ముఖాన తగిలేది. రెండేళ్లు. ఇది చెప్పాలి డాక్టరుకు. ఇంకొకటి కూడా చెప్పాలి, ఆయన చనిపోయిన సంవత్సరం ఎండాకాలంలో నాకు జ్వరం వచ్చింది. సాయంత్రమైతే వచ్చేది, నెల రోజులు, చిక్కిపోయాను, అవ్వ కషాయం పోసింది, బడి మాన్పించారు. తర్వాత దానంతట అదే పోయింది. అదే అయ్యుంటుంది. అప్పుడు తగిలి, ఎడమ పక్క కింద, మచ్చగా మిగిలి, యాభై ఏళ్లు అక్కడే కూర్చుంది. నెల రోజులేనా. పది రోజులేమో. బడి మాన్పించింది జ్వరానికేనా, నాయన పోయిన మైలకా. ఈ మూడు నెలల్లో ఆ జ్వరాన్ని ఎన్నిసార్లు తలుచుకున్నానంటే, ఇప్పుడు దానిలో ఎంత జరిగిందో, ఎంత నేను చేర్చానో తెలియడం లేదు. ఒక్కోసారి జ్వరం వచ్చింది కేశవకేమో అనిపిస్తుంది.

కేశవతో వారం కింద ఫోనులో మాట్లాడాను. నాయన సంగతి డాక్టరుకు చెప్తానురా అన్నాను. ఇప్పుడెందుకన్నా అన్నాడు. మా పాప నవ్యకు కావలి సంబంధం వచ్చిండాది, వాళ్లు ఈ వారమే మాట చెప్తామన్నారు, ఆత్మకూరులో ఆ డాక్టరు దగ్గర మనోళ్లు ఎందరుంటారో నీకు తెల్దా, మాట బయటికి పోతే అన్నాడు. నాకు వాడి మీద కోపం రాలేదు. ఆరేళ్ల వయసులో వాడు కూడా ఆ వంటింట్లో నా పక్కనే నిలబడ్డాడు. పోయి యాభై ఏళ్లయిన మనిషికి ఇంకా ఉబ్బసమే ఉండాలి. నా పెళ్లిచూపుల్లో మాలకొండమ్మ వాళ్ల నాయన అడిగాడు, అబ్బాయి నాయన చిన్న వయసులోనే పోయినట్టుండాడే అని. మా పెదనాయన ఉబ్బసం అన్నాడు. నేను చాప అంచు చూస్తూ కూర్చున్నాను. చాపకు ఎర్ర అంచు, ఒకచోట పోగు లేచి ఉంది. ఆయన తల ఊపి, ఉబ్బసమైతే మా అమ్మకు కూడా ఉండాది అన్నాడు. అంతే, సంబంధం కుదిరింది. ఆ పోగు పట్టుకొని నేను ముప్పయ్యారేళ్లు సంసారం చేశాను. మా కూతురు భవ్య చిన్నపిల్లగా ఉన్నప్పుడు దగ్గితే చాలు దాని నోట్లో ఎరుపు కోసం చూసేవాణ్ని, మాలకొండమ్మ మాత్రం పసిపిల్లలు దగ్గరా ఏంది అని తిట్టేది. ఈ రోజు ఆమె ముందు చెప్తే ఏమంటుంది. నన్ను మోసం చేసి చేసుకుంటిరి అంటుందా. అంటే అననీ. ఆమె తిట్టడానికైనా నేనుంటే చాలు.

పదీ నలభై. మాలకొండమ్మ మరుగుదొడ్డికి పోయింది. కవరుకు పైన ఒకే ఒక పిన్ను కొట్టి ఉంది. కోటేశ్వర్ చూస్తూనే ఉన్నాడు, విప్పి చూసుకో పెద్దాయనా, నీ లోపలిదే గదా అన్నాడు. నా బొటనవేలు పిన్ను కిందికి తనే పోయింది. కాగితం మడత తీస్తే అంతా ఇంగ్లీషు, చీమల బారు. నాకు అంకెలు వచ్చు. పైన తేదీ, అది వద్దు. వయసు, వద్దు. నాకు కావాల్సింది ఆరు. ఆరు పక్కన ఎం ఎం. మూడు నెలల కింద డాక్టరు వేలు పెట్టి చూపించిన అక్షరాలు అవి, మర్చిపోలేదు. మొదటి పేజీ పైనుంచి కిందికి వెతికాను, మార్కుల కాగితంలో హాలుటికెట్ నెంబరు వెతికినట్టు. ఎం ఎం మూడుచోట్ల ఉంది. ఒకచోట ఒకటి. అది మిషను కొలతేమో, సన్న ముక్కలు. ఒకచోట పదకొండు, ఇంటూ గుర్తు, తొమ్మిది. ఇంకొకచోట ఐదు. ఆరు లేదు. మళ్లీ వెతికాను. రెండో పేజీలో సంతకం తప్ప ఏమీ లేదు. ఆరు ఎక్కడా లేదు. పదకొండు ఇంకేదో అయ్యుండొచ్చు. గుండెదో, నరానిదో, ఆపరేషను చేసిన చోట పెట్టిన క్లిప్పులదో. ఐదు ఉంది గదా, ఆరు తగ్గి ఐదు అయ్యిందేమో. అలా అనుకుంటుండగానే నాలో ఇంకొకడు, ఆకు మీద గీత గీసే రైతు, నన్ను చూస్తున్నాడు. కాగితం మడిచి లోపల పెట్టి పిన్ను వంచాను. పదకొండు అంటే శనిక్కాయ పప్పంత. మాలకొండమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి కూర్చొని, ఏందయ్యా, అంత చెమట పట్టిందే అంది. ఫ్యాను తిరగడం లేదు అన్నాను. ఫ్యాను తిరుగుతూనే ఉంది. ఆమె పైకి చూసి, నన్ను చూసి, సంచిలోంచి తువ్వాలు తీసి ఇచ్చింది. ఇప్పుడు నాకు ఆ మాట ఇంకా కావాలి. ఇంతకుముందు అది నిజం కాబట్టి చెప్పాలనుకున్నాను. ఇప్పుడు నా దగ్గర ఇంకేమీ లేదు కాబట్టి చెప్పాలి. అందరూ దాచిపెట్టిన ఆ జబ్బు నాకు ఉండాలని, నాయన కంచంలోంచి అది నాకు వచ్చి ఉండాలని, పెంచలకోన నరసింహస్వామికి మొక్కుకుంటున్నాను. అవ్వ వింటే ఏమంటుందో.

డాక్టరు పదకొండుంపావుకు వచ్చాడు. రెండో చీటీ నాది. లోపలికి పోయి, కవరు ఇవ్వకుండా చేత్తో పట్టుకొని, నిలబడే చెప్పాను. “సార్, పోయినసారి నేను తప్పు చెప్పినాను. మా నాయనకు టీబీ ఉండింది. టీబీతోనే పోయినాడు. నేను ఆయన కంచంలో తిన్నాను.” అంత పొడుగు మాట నేను ఈ మధ్య ఎవరితోనూ మాట్లాడలేదు. పక్కన మాలకొండమ్మ గాజులు కదిలి ఆగిపోయాయి. డాక్టరు కూర్చోమన్నాడు. ఏ వయసులో, ఎన్నాళ్లు, మందులు వాడాడా అని ఒక్కొక్కటీ అడిగి, ఒక్కొక్కటీ రాసుకున్నాడు. నా జ్వరం సంగతి కూడా చెప్పాను, నెల రోజులు అనే చెప్పాను. చెప్పింది మంచిదైంది అన్నాడు. అప్పుడే చెప్పి ఉంటే ఏమన్నా తేడా ఉండేదా సార్ అన్నాను. లేదు, అప్పుడు చెప్పినా మూడు నెలలు ఆగి చూసేవాళ్లమే అన్నాడు. తర్వాత కవరు తీసుకొని, ఫిల్ము గోడ మీద లైటుకు తగిలించి, వెనక్కి తిరిగి చాలాసేపు చూశాడు. ఆయన భుజాలు చూస్తే నాకు తెలిసిపోయింది. తిరిగి, మెల్లగా చెప్పాడు. ఆరు ఉన్నది పదకొండు అయింది. పక్కన ఐదుది కొత్తగా వచ్చింది. అంచులు నున్నగా లేవు, ముళ్లు ముళ్లుగా ఉన్నాయి. పాత మచ్చ మూడు నెలల్లో ఇలా పెరగదు. ఇది పోయినేడు తీసేసిన జబ్బు తిరిగి వచ్చినట్టే నేను అనుకుంటున్నాను ప్రసాద్ గారూ.

మాలకొండమ్మ ముందుకు జరిగింది. “టీబీ పెరగదా సార్?” అంది. ఆయన అబద్ధం చెప్పలేని మనిషి. పాతది మళ్లీ రేగితే పెరుగుతుందమ్మా అన్నాడు. “అయితే ఇది రేగిందేమో. వాళ్ల నాయనకుండింది గదా, ఇప్పుడే చెప్పినాడు గదా.” ఆయన టేబుల్ మీద చేతులు పెట్టి, పదిమందిలో ఒకరికి అలా కావచ్చు, తొమ్మిది మందికి కాదు, మంగళవారం నెల్లూరు రండి, ఇప్పుడు సూది అందుతుంది, చిన్న ముక్క తీసి పరీక్షకు పంపితే ఖాయంగా తెలుస్తుంది అన్నాడు. “ఆ ఒక్కరు ఈయన ఎందుక్కాకూడదు?” అంది మాలకొండమ్మ. కావచ్చమ్మా అని ఆయన అన్నాడు, అంటూ పెన్ను మూత పెట్టేశాడు. పొగాకు వేలం ప్లాట్‌ఫారం మీద వ్యాపారి ఒక్కోసారి ఆకు కట్టిన బేలు ముందు ఆగడు, నడుస్తూనే, ఆకు వైపు చూడకుండా ఏదో ఒక మాట అని తర్వాతి బేలు దగ్గరికి పోతాడు. ఆ ఏడాది కష్టం ఎటు పోయిందో రైతుకు ఆ అడుగులోనే అర్థమవుతుంది. నేను కవరు తీసుకొని లేచి నిలబడ్డాను. ఆమె మాత్రం ఇంకా అడుగుతోంది, టీబీ మందులు ఆత్మకూరు గవర్నమెంటు ఆస్పత్రిలో ఇస్తారా, ఎన్ని నెలలు వాడాలి, కోడిగుడ్డు పెట్టొచ్చా అని. ఆయన ప్రతిదానికీ ఓపికగా జవాబు చెప్పాడు.

బయట ఎండ తెల్లగా ఉంది. బస్టాండు వైపు నడుస్తున్నాం. నేను తిట్ల కోసం కాచుకొని ఉన్నాను. ఆమె నా కంటే రెండడుగులు ముందు, పోయేటప్పుడు లేని ఊపుతో నడుస్తోంది. పండ్ల బండ్ల దగ్గర ఆగి, వెనక్కి తిరిగి, “మీ నాయన సూదులు పూర్తిగా ఏసుకున్నాడా?” అని అడిగింది. మధ్యలో మానినాడు అన్నాను. “అందుకే పోయినాడు. నువ్వు మానగాకు” అంది. అంతే. మా అవ్వ, మా అమ్మ, పెదనాయన, నేను, కేశవ, ఇంతమందిమి కలిసి మోసుకొచ్చిన దాన్ని ఆమె కింద పెట్టి, దాని మీదుగా అవతలికి అడుగేసి నడిచిపోయింది, అక్కడ ఏదైనా ఉందని కూడా చూడకుండా. సంచిలోంచి ఫోను తీసి భవ్యకు చేసింది. దూరంగా ఉన్నవాళ్లతో మాట్లాడేటప్పుడు ఆమెకు గట్టిగా అరవడం అలవాటు. “మే, భవ్యా, టీబీ అంట మే. ఆఁ, టీబీనే. మీ తాతకుండిందంట, ఆయన నుంచి వచ్చిండాది. ఆరు నెలలు మందులు మింగితే పోతాదంట. ఏడవమాకు, ఏడవాల్సిన పనేముండాది, టీబీకి ఎవరన్నా ఏడుస్తారా.” బండి దగ్గర బత్తాయిలు ఏరుతున్న ఇద్దరు ఆడవాళ్లు ఆగి చూశారు. ఒకామె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకొని పక్కకు జరిగింది. దుత్తలూరు బస్సు కోసం నిలబడ్డ మా వైపు మనిషి ఒకడు, ముఖం ఎరిగినవాడే, నన్ను చూసి తల తిప్పుకున్నాడు. కావలికి ఈ మాట సాయంత్రానికి చేరుతుంది. కేశవ ఫోను చేస్తాడు. చేయనీ. మాలకొండమ్మ కళ్లు తుడుచుకుంటూ, నవ్వుతూ, ఫోను నాకిచ్చింది, నువ్వు చెప్పు, నా మాట నమ్మలా అని. చెవి దగ్గర పెట్టుకున్నాను. భవ్య కావలిలో బడిపంతులమ్మ, ఇంగ్లీషు బాగా చదువుతుంది. నాయనా, రిపోర్టు ఫొటో తీసి పెట్టు, నేను చూస్తాను అంది. డాక్టరు దగ్గరే ఉండిపోయింది అన్నాను. కవరు నా చంకలో ఉంది.

“నాయనా. నిజంగా టీబీనేనా?”

“అవునమ్మా” అన్నాను. “మా నాయనకుండింది.”